సారా శోధన కేంద్రం

బోర్డులో తప్పేమీ లేదు. ఏలూరులో సేవాసంఘం నడిపే అచ్యుతరావు గారు మంచి తెలుగు కోరి, "సారా శోధన కేంద్రం" అని రాయించారు. కింద, "ప్రవేశం ఉచితం. పేర్లు అడగము." శోధించడమంటే పరీక్షించడమే కదా అని ఆయన ధీమా. ఆయన ఏనాడూ చర్చి గడప తొక్కినవారు కారు.

కలిదిండి అవతల, కొల్లేటి గట్టు మీదున్న క్రైస్తవుల పేటలో శోధనకి ఒకటే అర్థం: మనిషిని పాపంలోకి లాగడానికి సైతాను వేసే ఎర. అందులో పడెయ్యొద్దనే వారం వారం ప్రార్థిస్తారు. తీరా ఆమెన్ చెప్పి చర్చి బయటికొస్తే ఎదురుగా రేకుల పాకలో, ఆ బోర్డు కింద, సంఘం తరఫున బల్ల వేసుకుని ఆ పేట పిల్లే, స్టెల్లా, కూర్చుని ఉంది.

స్టెల్లాకి మాత్రం నవ్వు రావడం లేదు. కిందటి నెల పక్క ఊళ్లో కల్తీ సారా తాగి ఒకతనికి చూపు పోయింది. సంఘంవాళ్లిచ్చిన మందు చుక్కలు సారాలో వేస్తే, ఆ విషం ఉన్నప్పుడు ఊదారంగు తిరుగుతుంది. రేపు బాబాయి బాలస్వామి కూతురి ప్రధానం, అంటే నిశ్చితార్థం. చుట్టాల కోసం ఆయన ఒక క్యాను దాచాడని పేటంతటికీ తెలుసు. రేపు తెల్లారేలోగా అది ఈ బల్ల మీదికి రావాలి.

ఆ రోజు పొద్దున్నే బాలస్వామి వచ్చాడు. క్యానుతో కాదు, ఖాళీ గ్లాసుతో.

"ఉచితమన్నారంట గదా. ఓ గ్లాసు శోధన పొయ్యమ్మా."

"ఇక్కడ పొయ్యరు బాబాయ్. మీరు దాచింది తెస్తే చూసి చెప్తాను. అదే, గడ్డివాములో..."

"గడ్డివాములో ఎందుకుంటది? కోళ్లగూట్లో..." అని నాలిక్కరుచుకున్నాడు.

"తాగొద్దనను బాబాయ్. ముందు ఒక్క గరిటెడు పట్రండి. రంగు తిరక్కపోతే మంచి సారా అని కాదు, ఆ ఒక్క విషం లేదని."

"మా తోడల్లుడు తాతాజీ కాచిన సరుకది. అతన్ని అనుమానిస్తే రేపు వేడుకకి వస్తాడా?" అంటూ గ్లాసు బోర్లించుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పాస్టరు ఎజ్రా అయ్యగారు వచ్చి బోర్డు రెండుసార్లు చదివారు.

"స్టెల్లమ్మా, లోకంలో శోధనలున్నాయని ఎరుగుదుం. వాటికో కేంద్రం కూడా పెట్టారా?"

"పరీక్ష అని అర్థమండి అయ్యగారూ."

"పరీక్ష అని రాస్తే పదో తరగతి పిల్లలొచ్చేవారు. అదే నయం."

సాయంత్రం ప్రార్థన కూటంలో ఆయన గట్టిగానే చెప్పారు. "ఇళ్లల్లో శోధన పెట్టుకోకండమ్మా. ఎక్కడిదక్కడికి పంపెయ్యండి."

బాలస్వామి భార్య కాంతం ముందు వరసలో ఉంది. ఆఖరి పాట అవకముందే లేచి ఇంటికెళ్లి, ఈకలంటుకున్న క్యాను మోసుకొచ్చి, స్టెల్లా బల్ల మీద దబ్బున పెట్టింది.

"ఇదిగో నీ శోధన. దీనికంటూ ఓ కేంద్రం ఉండగా మా కోళ్లగూట్లో ఎందుకు?"

వెనకాలే బాలస్వామి పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కాంతం, అది కిరసనాయిలే."

"అయితే పెట్ట పొద్దుట్నించీ ఎందుకు తూలుతోందో చెప్పు."

స్టెల్లా గాజుగొట్టంలోకి కాస్త సారా వంచి మందు చుక్కలు వేసింది. ఊదారంగు అడుగున మొదలై పైదాకా పాకింది.

"బావుంది," అన్నాడు బాలస్వామి ఆశగా. "అచ్చం అమ్మాయి ప్రధానం చీర రంగే."

"ఇది తాగితే ఆ చీర చూడ్డానికి కళ్లుండవు బాబాయ్."

బాలస్వామి తనే పలుగు తెచ్చి, చెరువుకి దూరంగా గొయ్యి తవ్వి క్యాను ఒంపేశాడు. "తాతాజీ కూడా ఇందులోంచే ఉంచుకున్నాడు. ఎదవ, ఇంకా తాగలేదో ఏంటో," అంటూ సైకిలెక్కాడు.

ఆ తరవాత పాక ముందు వరస కట్టారు. ఒకాయన క్యారియర్ గిన్నెలో తెచ్చాడు, ఇంకొకాయన మేత బస్తాలో చుట్టి తెచ్చాడు. స్టెల్లా ఎవరి పేరూ అడగలేదు. అడగక్కర్లేదు, అందరూ వరసకి బాబాయిలే.

అందరూ వెళ్లాక అయ్యగారు వచ్చి, శాలువా కిందనుంచి ఒక సీసా తీశారు.

"ప్రభువు బల్లకి, గుళ్లో అందరికీ తలా చుక్క ఇవ్వడానికి, కాచి పెట్టిన ద్రాక్షరసమమ్మా. రెండ్రోజులుగా పులిసి బుస్సుమంటోంది. నీ చుక్క ఒకటి వేసి చూడు."

స్టెల్లా సీసాని లాంతరుకెత్తి చూసింది.

"ఇది ముందే ఊదాగా ఉందండి అయ్యగారూ."

ఆయన బోర్డు వంక చూసి, సీసా మళ్లీ శాలువా కిందకి తోసుకున్నారు.

"పేర్లు అడగరు కదమ్మా?" అన్నారు.