తీయవలెను

ముకుందం గారికి చిన్న మాటలంటే చిన్నతనం. ‘రాలేదు’ అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘హాజరుకాజాలకపోయిరి’ అని రాసేవారు. తెలుగైనా అంతే, ఇంగ్లీషైనా అంతే. ఆయన రాసిన కాగితం ఎవరికైనా ఒక్కసారికే అర్థమైపోతే ఆ పూట ఆయనకు అన్నం సయించదని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఇన్నేళ్ళయినా ఆయన్ను గారు అనే అంటున్నాను. గౌరవమేమీ లేదు, నోటికి అలవాటు.

ఇది ఎనభై ఏడులో మాట. పుత్తూరుకు ఇవతల ఒక నూలు మిల్లులో కొత్తగా కంప్యూటరు పెట్టారు. నేను మద్రాసులో కోబాల్ నేర్చుకుని వచ్చి, ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరాను. రోజూ తిరుపతి నుంచి బస్సులో వచ్చి పోయేదాన్ని. ముకుందం గారు మా గదికి మేనేజరు. తెలుగు పండితుడైన మా నాయన యతిరాజులు గారి దగ్గర ఒకప్పుడు చదువుకున్నారు. ఆ చనువుతో నన్ను ‘ఏమ్మా కుముదా’ అనేవారు.

మూడో మనిషి ధనంజయ. సత్యవేడువాడు, నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. కార్మికుల హాజరంతా కంప్యూటరులో ఎక్కించేది అతనే. వేళ్ళవైపు చూడకుండా టైపు కొట్టేవాడు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, ఇంగ్లీషు రాదు. ఏసీ గదిలో ఉద్యోగమని విని మామ తన కూతురు మునిలక్ష్మిని ఇచ్చి పెళ్ళి చేశాడని గర్వంగా చెప్పుకునేవాడు. ఆ పిల్ల అప్పటికి కడుపుతో ఉంది. ఆ ఉద్యోగం తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు.

ప్రోగ్రాము రాస్తే పని అయిపోదు. దాన్ని నడిపే మనిషికి ఏం చేయాలో కాగితం మీద రాసివ్వాలి. నేను ధనంజయ కోసం తెలుగులో ఇలా రాశాను: “నాలుగు నెలలుగా పనికి రానివాళ్ళ పేర్లు నెలాఖరున ప్రింట్ చెయ్యి. ఏ పేరూ చెరపొద్దు. ప్రింట్ చేసిన కాగితం సూపర్‌వైజరుకు ఇవ్వు.”

ముకుందం గారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

“ఇదేందమ్మా, పనిమనిషికి చెప్పి పోయినట్టుండాది? యతిరాజులు గారి కూతురు రాయాల్సిన తెలుగేనా? రేపు డైరెక్టర్లు చూస్తే మన డిపార్టుమెంటుకు మర్యాదుంటుందా?”

“డైరెక్టర్లు ఎందుకు చూస్తారు సార్? చదివి పని చేయాల్సింది ధనంజయ కదా?”

“వాని కోసరం మనం దిగిపోవాల్నా?”

మర్నాడు వచ్చేసరికి గోడకు ఒక కాగితం అంటించి ఉంది. టైపు చేసి, మిల్లు ముద్ర వేసి, కింద ఆయన సంతకం. నా మూడు వాక్యాలూ పోయి ఒక్కటే మిగిలింది: “మాసచతుష్టయముగా హాజరుకాని కార్మికుల నామములను మాసాంతమున యంత్రము నుండి తీయవలెను.”

“సార్, ‘తీయవలెను’ అంటే రెండు రకాలుగా అర్థమవుతుంది. లిస్టు తీయడమూ తీయడమే, పేరు కొట్టేయడమూ తీయడమే” అన్నాను.

“లిస్టు తీయడమని చిన్నపిల్లోనికైనా తెలుస్తుందమ్మా” అని నవ్వేశారు.

మొదటి రెండు నెలలు ఆ పని నేనే చేశాను. మూడో నెలాఖరుకు రెండు ప్రింటర్లలో ఒకటి చెడిపోతే విడిభాగం కోసం నన్ను మద్రాసు పంపారు. ధనంజయకు గోడ మీది వాక్యమే దిక్కయింది.

నెల మొదట్లో కంప్యూటరు నుంచి వెళ్ళే పేర్ల పట్టీని బట్టే గేటు దగ్గర కార్మికుల్ని లోపలికి వదులుతారు. మద్రాసు నుంచి వచ్చిన మర్నాటి ఉదయం నేను బస్సు దిగేసరికి గేటు ముందు భారతమ్మ అరుస్తోంది. నూలు చుట్టే రీలింగులో పనిచేసే మనిషి. చెయ్యి విరిగి నెలల తరబడి పుత్తూరు కట్టు కట్టించుకుని, అది నయమై ఆ రోజే పనికి వచ్చింది.

“నీ పేరు తీసేసినారమ్మా” అంటున్నాడు వాచ్‌మన్.

“తీసి యాడ పెట్టినారప్పా? నేను ఈడనే ఉండాను గదా!”

ఆమె పక్కన చంటిబిడ్డను ఎత్తుకుని ఇంకొకామె. కాన్పు సెలవు అయిపోయి వచ్చిందట. ఆమె పేరూ లేదు. భారతమ్మ గేటుకు అడ్డంగా కూర్చుంది. చూస్తుండగానే షిఫ్టుకు వచ్చినవాళ్ళంతా ఆమె పక్కన కూర్చున్నారు. మిల్లు ఆగిపోయింది.

నేను లోపలికి పరుగెత్తాను. ధనంజయ మొహంలో నెత్తురు లేదు.

“పేర్లు తీయమంటే తీసినానక్కా. స్క్రీను మీద ప్రింటుండాది, డిలీటుండాది. రేషను కార్డులో పేరు తీసినారంటే ఏమర్థం? డిలీటే గదా? అయినా మనసొప్పక సారును అడిగినా. గోడ మీద అంత వివరంగా ఉండాది, సదువుకో పో అన్నారు.”

పాత నెల కాపీ ఫ్లాపీల మీద ఉంది కాబట్టి బతికిపోయాం. నేను అది ఎక్కిస్తే, తర్వాతి హాజరంతా ధనంజయ మళ్ళీ కొట్టాడు. తల ఎత్తలేదు, అన్నం తినలేదు. సాయంత్రానికి అన్ని పేర్లూ వచ్చేశాయి. భారతమ్మ లోపలికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ మా కిటికీవైపు చూసి ఏదో తిట్టింది. తిట్టవలసిందే.

నష్టం సరిదిద్దాం. కానీ మిల్లు ఒక పూట ఆగింది కదా, దానికి తప్పు మోపడానికి డైరెక్టర్లకు ఒక మనిషి కావాలి. ఏం జరిగిందో రాసి పంపమన్నారు. ముకుందం గారు ఆ పని నాకు అప్పజెప్పారు.

“‘అనివార్య సాంకేతిక కారణములచే పొరపాటు సంభవించినది’ అని రాసెయ్యమ్మా. ఎవురికీ ఏమీ కాదు.”

ఆ మాట నేను నమ్మలేదు. ఎవరు చేశారో చెప్పని తప్పు చివరికి చిన్న ఉద్యోగి నెత్తినే పడుతుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ధనంజయ బయటపడతాడు అనుకున్నాను. రాశాను:

“ధనంజయ కార్మికుల పేర్లను కంప్యూటరు నుంచి చెరిపేశాడు. గోడ మీది కాగితంలో ‘తీయవలెను’ అని ఉన్నందువల్ల అలా చేశాడు. ఆ కాగితం రాసింది ముకుందం గారు, అనుమానం వచ్చి అడిగితే సరిగ్గా చెప్పనిదీ ఆయనే.”

సంతకం చేసి, డైరెక్టర్లకు పంపమని ముకుందం గారికే ఇచ్చాను. మండిపడతారనుకున్నాను. ఆయన నిదానంగా చదివి కళ్ళజోడు తీశారు.

“మొదటి వాక్యం చాలా బాగుందమ్మా. ఎంత స్పష్టంగా ఉండాది!”

నేను చేరినప్పటి నుంచి ఆయన నా రాతను మెచ్చుకున్నది అదే మొదలు. సిగ్గుచేటు, నాకు సంతోషం కూడా వేసింది.

ఆ వారంలోనే ధనంజయ చేతికి ఉత్తర్వు వచ్చింది. ప్యూను తెచ్చిన నకలు నేనూ చదివాను. “ప్రోగ్రామరు కుమారి కుముదవల్లి తమ లిఖితపూర్వక నివేదికయందు ‘ధనంజయ కార్మికుల పేర్లను కంప్యూటరు నుంచి చెరిపేశాడు’ అని నిర్ద్వంద్వముగా తెలియజేసియున్నందున, సదరు వ్యక్తిని తక్షణమే విధులనుండి విముక్తుని గావించడమైనది.”

ముకుందం గారి బల్ల ముందు నిలబడ్డాను. ఒళ్ళు మండిపోతోంది.

“నేను రాసిన మిగతా రెండు వాక్యాలూ ఏవి సార్?”

“అవి తీసినానమ్మా.”

“తీసినారా? తీయడమంటే లిస్టు తీయడమని చిన్నపిల్లోనికైనా తెలుస్తుందన్నారే! మరి నా వాక్యాల లిస్టు ఏది సార్?”

ఆయన ఎర్ర పెన్ను మూత తీసి, ముందున్న కాగితంలో ఎవరిదో చిన్న మాట కొట్టేశారు. గట్టిగా అరిచాను. పక్క గదిలోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళిపోయారు. నేను రాసింది తప్పని నేను ఒప్పుకోను. అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ దానివల్ల ఎవరి ఉద్యోగం పోయిందో నాకు తెలుసు.

ధనంజయ రోడ్డు మీద సత్యవేడు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. చేతిలో టిఫిను క్యారియరు, జేబులో ఆ ఉత్తర్వు.

“నేను ఇంకా రెండు వాక్యాలు రాసినా ధనంజయా. వాళ్ళు తీసేసినారు. డైరెక్టర్లకు మళ్ళీ రాస్తాను, నేరుగా.”

“వద్దులేక్కా. నువ్వింక నా గురించి ఏమీ రాయొద్దు.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. జేబులోంచి ఉత్తర్వు తీసి, మడతలు విప్పి, నా వాక్యం మీద వేలు పెట్టాడు.

“ఇదంతా సారు తెలుగే, ఒక ముక్క అర్థం కాలా. ఈ ఒక్క లైను మాత్రం సదవంగానే అర్థమయిందక్కా. నా పని పోయిందని దీంతోనే తెలిసింది.”