ఆకూ రాషే, ఆకాశమూ రాషే

నా కూతురు డెల్మీని బళ్ళో మొద్దు అని వెనక్కి నెట్టేస్తారేమోనన్నదే నాకున్న పెద్ద భయం. నన్నలాగే నెట్టారు. రెండో తరగతిలో రెండేళ్ళు కూర్చోబెట్టి, ఆ తర్వాత ఇంటికి పంపేశారు.

డెల్మీకి ఐదేళ్ళు. బొమ్మల్ని రంగుల వారీగా నాలుగు బుట్టల్లో వేయడం సోమవారానికల్లా నేర్పించమంది పంతులమ్మ ఒరాలియా. "నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదమ్మా. కళ్ళకో బుర్రకో ఏదో లోపం," అని నవ్వింది. ఆ నవ్వు ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

సంతలో పాత బొమ్మల సంచి కొన్నాను. చక్రాల్లేని కార్లు, చెవి తెగిన కుందేళ్ళు. వాకిట్లో బుట్టలు పెట్టాను. ఎరుపు సరిగ్గానే వేసింది, పసుపూ వేసింది. నీలం కారుని మాత్రం తీసుకెళ్ళి ఆకుపచ్చ కప్ప పక్కన పడేసింది. గుమ్మరించి మళ్ళీ మొదలుపెట్టాను. పదకొండుసార్లు. చివరికి కప్పని దాని ముక్కు ముందు పెట్టాను.

"ఇదేం రంగే?"

"రాష్."

"మరి ఈ కారు?"

"అదీ రాషే. ఎన్నిసార్లు అడుగుతావమ్మా, నీకు రాదా?"

నడుముకి మగ్గం కట్టుకుని నేస్తున్న మా అత్త తోమాసా కిసుక్కుమంది. బళ్ళో చెప్పేదంతా స్పానిష్‌లోనే, అందుకే పిల్ల నాలా కాకూడదని దానితో నేను స్పానిషే మాట్లాడతాను. ఈవిడ మాత్రం మా ఇంటి భాష కిచే మాటలు నేర్పింది. కిచేలో ఆకూ రాషే, ఆకాశమూ రాషే.

"ఇదంతా మీ చలవే అత్తయ్యా."

"నలభై ఏళ్ళుగా నేస్తున్నానే. ఒక్క పోగు తప్పు పెట్టానా?"

"మగ్గానికెవరూ మార్కులు వెయ్యరు. సోమవారందాకా పిల్ల ముందు నోరెత్తకండి. ఆ తర్వాత కూడా ఎత్తకపోతే మరీ మంచిది."

అత్త పోగు తెంపి ముడేసింది.

పొద్దున లేచేసరికి మగ్గమూ లేదు, మనిషీ లేదు. కొండమీద చెల్లెలింటికి వెళ్ళిపోయిందట. మిగిలిన దారపు ఉండల్ని డెల్మీ రెండు కుప్పలుగా పెట్టి కూర్చుంది.

"ఇది ఆకు రాష్, ఇది ఆకాశం రాష్. నానమ్మ ఏదడిగితే అదే ఇస్తాను. నానమ్మేదీ?"

ఒక్క ఉండ కూడా తప్పు కుప్పలో లేదు. ఆకు రాష్‌ని బళ్ళో వెర్దే అంటారనీ, ఆకాశం రాష్‌ని అసుల్ అంటారనీ చెప్పాను. అరగంటలో బొమ్మలన్నీ సరైన బుట్టల్లోకి చేరాయి.

నేను వెళితే అత్తయ్య తలుపు తియ్యదు. అందుకే ఇదంతా మీకు చెబుతున్నాను. గురువారం సంతకి మీరు కొండదారినే వెళ్తారుగా. మలుపులో రాష్ తలుపున్న ఇల్లు, ఆకాశం రాష్. ఒకసారి తట్టి, రొట్టె తింటోందో లేదో చూసి రండి.