రెడీగా పెట్టుకున్న జవాబు

సరోజ ఇంగ్లీషులో మెసేజ్ పెట్టింది!

'క్రేజీ రష్. టోటల్లీ టైడ్ అప్. కాల్ యూ లేటర్.'

ఘాజియాబాద్ ఆఫీసులో మీటింగ్ ముగిశాక తిరుమలేష్ భార్యకు ఫోన్ చేస్తే, కాల్ కట్ చేసి పంపిన జవాబది. పెళ్లయినప్పటి నుంచీ ఉప్పు అయిపోయినా సరోజ తెలుగులో వాయిస్ మెసేజే పెడుతుంది. ఇంగ్లీషు ముక్క ఏనాడూ పంపలేదు.

ఫోన్ ఇంకెవరి చేతిలోనో ఉంది.

మళ్లీ చేశాడు. స్విచాఫ్. మయూర్ విహార్‌లో ఎదురింటి కాంతమ్మగారికి చేశాడు. ఆవిడా ఎత్తలేదు. బ్యాగు కూడా తీసుకోకుండా కిందికి పరుగెత్తి ఆటో ఎక్కాడు.

"భయ్యా, జల్దీ!"

"ఎగరమంటారా సాబ్? ముందు జామ్ చూడండి."

ఆటో ఇంచు కదలదు. ఏదైనా ఆచూకీ దొరుకుతుందేమోనని మెసేజ్‌లు పైకి జరిపాడు. వేలు ఆగిపోయింది.

పొద్దుటి నుంచి సరోజ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ తనే కట్ చేశాడు. 'హెక్టిక్ మార్నింగ్.' 'టైట్ డెడ్‌లైన్.' మూడోది, 'క్రేజీ రష్. టోటల్లీ టైడ్ అప్. కాల్ యూ లేటర్.' అక్షరం పొల్లుపోలేదు. ఫోన్‌లో రెడీగా పెట్టుకున్న జవాబులవి. నొక్కితే పోతాయి. తన మాటలే తను గుర్తుపట్టలేకపోయాడు.

అది సరే, మూడుసార్లు ఎందుకు చేసింది?

సొసైటీ గేటు దగ్గరే గార్డు ఎదురొచ్చాడు. "భాభీజీకి కడుపులో బాగా దర్ద్ సాబ్. కాంతమ్మ ఆంటీ మెయిన్ రోడ్డు ఆస్పత్రికి తీసుకెళ్లింది."

అదే ఆటోలో అక్కడికి పరుగు. ఎమర్జెన్సీలో సరోజ మంచంమీద ముడుచుకుపోయి ఉంది.

"వచ్చావా నాయనా?" అంది కాంతమ్మ. "తీరిందా నీకు?"

"ఆ మెసేజ్... నువ్వే పంపావా?" భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టరు పొట్ట నొక్కుతున్నాడు. మాట రాలేదండీ." పళ్లు బిగించి నవ్వింది సరోజ. "మీది కాపీ చేసి పంపేశా. మీకైతే అర్థమవుతుందని. ఆ వెంటనే ఛార్జింగ్ పోయింది."

నర్సులు స్ట్రెచర్ తెచ్చారు. డాక్టర్ అతని వైపు తిరిగాడు.

"అపెండిక్స్. పగిలే ప్రమాదం ఉంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది? ఆవిడ పొద్దున్నే అంటోంది. పొద్దున్నే అంటే ఎప్పుడు?"

తిరుమలేష్ ఫోన్ తీశాడు. తన మొదటి జవాబు కింద ఉన్న టైమ్ చూసి, డాక్టరుకు చదివి వినిపించాడు.