వాకిట్లో గడ్డి

"వాకిలి చూస్తే ఆడదిక్కు లేని కొంప అనుకుంటారు మామిడికాయల బేరగాళ్ళు," అంటూ స్కూటరెక్కి వెళ్ళిపోయాడు శేషగిరిరావు. ఆ ఆడదిక్కు అప్పుడు వాకిట్లోనే గొంతుక్కూర్చుని, నాపరాళ్ళ సందుల్లో గడ్డి పీకుతోంది.

రెడ్డిగూడెంలో ఆ ఇంటి కోడలైనప్పటి నుంచీ రాజ్యలక్ష్మికి మధ్యాహ్నాలు లేవు. వంటా, వడ్డనా, అంట్లూ అయ్యాక ఇంటిల్లిపాదీ నడుం వాలుస్తారు. ఆమె కొడవలి మొనతో రాళ్ళ సందులు గీకుతుంది. ఓసారి గడ్డిమందు తెమ్మని అడిగితే, "చంటిపిల్ల పాకే చోట విషమా? చేత్తో పీకడానికేం నొప్పి?" అన్నాడు మొగుడు శేషగిరిరావు. విషం వద్దన్న మాట ఆమెకీ నచ్చింది. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం ఆయనకి తట్టలేదు. "మేం పీకలేదా?" అంది అత్తగారు వెంకాయమ్మ.

ఆ వేసవిలో అకాల వాన పడి మాగాయ ఊటకి బూజు పట్టింది. అత్తగారి చేత తిట్లు తింటూనే ఆ ఉప్పటి పుల్లటి ఊటని వాకిలి మూలన పారబోసింది రాజ్యలక్ష్మి. రెండెండలు కాసేసరికి అక్కడి గడ్డి మాడిపోయింది. పట్టుకు లాగితే దారప్పోగులా చేతికొచ్చేసింది. ఆమెకి నవ్వొచ్చింది. ఎవరూ చూడటం లేదు కదా అని ఇంకాస్త నవ్వుకుంది.

తమ మామిడితోటలో రాలిన పుల్లకాయలు ఏరుకొచ్చి, చితక్కొట్టి, దోసెళ్ళతో రాళ్ళుప్పు పోసి, పెద్ద గిన్నెలో తెర్లబెట్టింది. ఆకులకి అంటుకునేలా కాస్త కుంకుడు రసం కలిపింది. పిల్లని అత్తగారి ఒళ్ళో పెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ కాగేదాన్ని చెంబుతో సందుల్లో పోసుకుంటూ వెళ్ళింది.

"ఏంటమ్మాయ్, గడ్డికి పులుసు పెడుతున్నావా?"

"మీరు పెట్టమన్నంత ఉప్పు వేశానత్తయ్యా!"

వారం తిరక్కుండా వాకిలంతా ఎండిపోయి, చీపురుతో ఊడిస్తే లేచొచ్చింది. వెంకాయమ్మ అరుగు దిగొచ్చి, ఖాళీ సందుల్ని చూస్తూ చాలాసేపు నిలబడింది.

"నా నడుం ఇక్కడే పోయిందే అమ్మాయ్," అంది మెల్లగా. "మళ్ళీ మొలిస్తే నేను పోస్తాను. ఆ చెంబు నాకివ్వు."

శేషగిరిరావు మురిసిపోయాడు. "భలే! తోటలో కూడా పోయిద్దాం."

"ఉప్పు దిగితే మామిడిచెట్లు కూడా పోతాయండీ. ఇది రాళ్ళ సందులకే."

"సరేలే. ఇక మధ్యాహ్నాలు నీకు ఖాళీయేగా, తోటకొచ్చి కాయలు ఏరి బుట్టలకెత్తు."

'అలాగేనండీ' అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. రాజ్యలక్ష్మి దాన్ని అక్కడే ఆపింది. ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది.

"రానండీ. ఆ మధ్యాహ్నాలు నేను సంపాదించుకున్నాను. నాకే కావాలి," అంది. పంచలో చాప పరుచుకుని, కాళ్ళు బారజాపి పడుకుంది.

శేషగిరిరావు నోరు తెరిచి తల్లి వైపు చూశాడు. వెంకాయమ్మ పమిట సర్దుకుంటూ చాప దగ్గరికి నడిచింది.

"కాస్త జరుగమ్మాయ్," అంది. "నన్నూ పడుకోనీ."