ఆరు వారాల నీరు

గాజు తొట్టిని నలుగురు మనుషులు పక్కవాటుగా మెట్లెక్కించి, రోగి మంచానికి ఎదురుగా ఉన్న గోడకు చేర్చారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు. అంతవరకూ అక్కడున్న బట్టల బీరువా హాల్లోకి, హాల్లోని పుస్తకాల బీరువా అక్కయ్య గదిలోకి వెళ్ళాయి. దానివల్ల అక్కయ్యకు తన మంచం దిగడానికి ఇక ఒకే వైపు మిగిలింది; ఇబ్బందా అని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

అక్కయ్య ముప్పై నాలుగేళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మరదలికి గుండెజబ్బు ముదిరి మంచం పట్టాక, వండిపెట్టడానికీ మందులు వేళకు ఇవ్వడానికీ తమ్ముడి ఇంటికి వచ్చింది. తమ్ముడు ముప్పై ఒక్క ఏళ్ళు ఊరి నీటి శుద్ధి కేంద్రంలో చేసి, సూపర్‌వైజరుగా దిగిపోయాడు. తోటివాళ్ళు అతన్ని చాటున ‘క్లోరిన్ గారు’ అనేవారు. భార్య మాత్రం ఎదురుగానే అనేది.

పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తానని అతడు ఆమెకు మాట ఇచ్చాడు. ఊరు రోజూ నీళ్ళు తాగుతుంది కాబట్టి అతనికి సెలవు దొరకలేదు. సెలవు అక్కర్లేని రోజులు వచ్చేసరికి ఆమె గది దాటి హాల్లోకి కూడా నడవలేని స్థితికి వచ్చింది. రెండు మూడు నెలలు అన్నాడు డాక్టరు, మందుల చీటీ వెనక్కి తిప్పి ఏదో గీస్తూ. ఆ తర్వాతి వారమే తమ్ముడు తొట్టి కొన్నాడు.

తొట్టి అమ్మినవాడు దానితో పాటు ఉప్పు సంచి, ఉప్పు కొలిచే గొట్టం, సముద్రపు రాళ్ళు ఒక పెట్టెడు, ఇరవై నాలుగు పేజీల పుస్తకం ఇచ్చి వెళ్ళాడు. పుస్తకాన్ని తమ్ముడు బల్ల మీద పడేసి దాని మీద కళ్ళజోడు పెట్టాడు. అక్కయ్య కళ్ళజోడు పక్కకు జరిపి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, గోడ క్యాలెండరులో ఆ రోజు మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది.

“ఒరేయ్, ఆరు వారాలు చేపలు వెయ్యకూడదట.”

“కొట్టువాళ్ళు అలాగే రాస్తారు అక్కయ్యా. రేపు చేప చస్తే వాళ్ళ మీదకి పోకుండా.”

“చేప మలం, మిగిలిన మేత కుళ్ళి అమోనియా అవుతుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఆ రాళ్ళలో పుట్టి పెరగాలి. దానికి పట్టే టైము అది.”

తమ్ముడు నవ్వాడు. “నన్ను బ్యాక్టీరియా పెంచమంటావా? ముప్పై ఒక్క ఏళ్ళు దాన్ని చంపినందుకే కదా నాకు జీతం ఇచ్చింది. నీళ్ళ గురించి నాకు చెప్తున్నావు చూడు.”

మంచం మీంచి మరదలు అంది: “చెప్పకండి వదినా. ఆయన నీళ్ళు తాగే ఈ ఊళ్ళో ఎవరూ ముసలివాళ్ళు కాలేదు. అందరూ మధ్యలోనే ఆగిపోయారు.”

“నీ గుండె బాగాలేదు గానీ నోరు బాగానే ఉంది.”

“నా గుండె పెద్దదైందని డాక్టరే రాసిచ్చాడు. ఇన్నాళ్ళూ నేను చెప్తే మీరు నమ్మారా?”

ఆరు వారాలు ఎందుకు ఆగలేడో అతడు చెప్పలేదు. అక్కయ్యకు చెప్పనక్కర్లేదు. డాక్టరు ఇచ్చిన లెక్కలోంచి ఆరు వారాలు తీసేస్తే మిగిలేదెంతో ఆమె కూడా వేసి చూసుకుంది. అయినా అమోనియాకు జాలి ఉండదని ఆమెకు తెలుసు. తెలిసిన విషయాన్ని తెలియనట్టు నడిపించే మనుషుల మీద ఆమెకు చిన్నప్పటినుంచీ ఉన్న కోపం ఆ రోజు కూడా తగ్గలేదు.

మూడో రోజున తమ్ముడు వేరే కొట్టుకు వెళ్ళి, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు, నీలం చేప ఒకటి తెచ్చాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అవి ఈదుతుంటే మరదలు దిండుకు ఆనుకుని కూర్చుని మధ్యాహ్నమంతా చూసింది. ఒక పట్టీచేపకు నడుం దగ్గర పట్టీ తెగి ఉంది. దానికి ఆమె ‘చిరుగు’ అని పేరు పెట్టింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఆమెను చూశాడు. అక్కయ్య ఆ ఇద్దరినీ చూసి, చెప్పదలుచుకున్నది మింగి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున చేపలు నీటి అంచుకు చేరి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. నీళ్ళు అప్పటికీ అద్దంలాగే ఉన్నాయి. కంటికి శుభ్రంగా కనిపించేదంతా శుభ్రం కాదని బడిలో పన్నెండేళ్ళ పిల్లలకు ఆమె ఏటా గాజుగొట్టం పట్టుకుని చూపించేది. అరవై మూడేళ్ళ తమ్ముడికి చూపించలేకపోయింది. మధ్యాహ్నానికి మూడూ పోయాయి.

అతడు మరుసటి రోజే మరో రెండు పట్టీచేపలు తెచ్చి, మరదలు నిద్రపోతున్నప్పుడు వేశాడు.

“చిరుగు లేచిందే, చూడు,” అన్నాడు ఆమె కళ్ళు తెరవగానే.

ఆమె చాలాసేపు చూసింది. “దర్జీకి ఇచ్చారా? పట్టీ కుట్టించుకొచ్చింది.”

అతడు తల వంచుకున్నాడు.

గదిలో ఫ్యాను ఆపకుండా తిరగడం వల్ల తొట్టిలో నీటిమట్టం రోజూ అర అంగుళం తగ్గేది. తగ్గినప్పుడల్లా తమ్ముడు బకెట్లో ఉప్పు కలిపి నింపేవాడు. సముద్రం కదా, ఉప్పునీళ్ళే పొయ్యాలని అతని వాదన. పదిహేనో రోజున అక్కయ్య ఉప్పు కొలిచే గొట్టం ముంచి చూసింది. అందులోని ముల్లు ఎర్రగీత దాటి పైకి పోయింది.

“ఉప్పునీళ్ళ గిన్నె పొయ్యి మీద పెడితే ఏం పోతుందిరా, ఏం మిగులుతుంది?”

అతనికి ఆ సంగతి తెలుసు. తెలియకపోతే ఆమె క్షమించి ఉండేది. ఆ క్షణంలో అతని చేతిలో బకెట్ ఉంది, బకెట్లో ఉప్పు అప్పటికే కలిసి ఉంది. అతడు దాన్ని పోసేశాడు.

పంతొమ్మిదో రోజుకు ఆ రెండూ పోయాయి. తమ్ముడు చొక్కా వేసుకుని కొట్టుకు బయల్దేరుతుంటే మరదలు పిలిచింది.

“ఏవండీ, ఇక చేపలు తేకండి.”

“ఈసారి గట్టివి తెస్తాను. కొట్టువాడు—”

“ఈ ఇంట్లో వరసలో ముందు నిలబడింది నేను. నన్ను తోసుకుని పోతున్నాయి అవి. మర్యాద కాదు.”

ఆమె నవ్వుతూనే అంది. అతడు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ రోజు నుంచి తొట్టి వైపు చూడడం మానేశాడు. దాంతో తొట్టి అక్కయ్య చేతికి వచ్చింది. ఆమె రోజుకో చెంబుడు ఉప్పునీళ్ళు తోడేసి, ఉప్పు కలపని శుద్ధమైన నీళ్ళతో మట్టం నింపుతూ ఉప్పును నెమ్మదిగా దించింది. వారానికి రెండుసార్లు గాజుసీసాలో నీళ్ళు తీసి, పరీక్ష చుక్కలు వేసి, రంగు చూసింది. అమోనియాను చూపే ఆకుపచ్చ తగ్గుతూ పసుపు వైపు వస్తోంది. అదే సమయంలో రాళ్ళ మీదా గాజు మీదా గోధుమరంగు పొర పట్టసాగింది. ఇరవై నాలుగు పేజీల పుస్తకంలో దాని గురించి రెండు వాక్యాలున్నాయి. వస్తుంది, దానంతటదే పోతుంది, ముట్టుకోకండి.

ఇరవై ఆరో రోజున మరదలు ఆమెను చేత్తో పిలిచి, ఎడమవైపు రాయిని చూపించింది.

“ఆ మూల చూడండి వదినా. గొడుగు.”

అక్కయ్యకు ఏమీ కనబడలేదు. భూతద్దం తెచ్చుకుని గాజుకు ముఖం ఆనించింది. రాతి పగులులో అగ్గిపుల్ల మందాన తెల్లటి గొట్టం, దాని కొసన ఈకల్లాంటి గొడుగు. ఆమె ఊపిరి గాజుకు తగలగానే అది చటుక్కున లోపలికి ముడుచుకుంది. కాసేపు ఆగితే మళ్ళీ విచ్చుకుంది. గొట్టం కట్టుకుని బతికే సముద్రపు పురుగు. రాయిలో ఏ మూలో ఉండి, అమోనియానూ ఉప్పునూ దాటుకుని, ఎవరూ కొనకుండా, ఎవరూ తేకుండా ఇక్కడికి వచ్చింది.

“ఎన్నాళ్ళనించి చూస్తున్నావే?”

“మూడు రోజులైంది. నేను దగ్గితే కూడా ముడుచుకుంటుంది. నాకంటే బిడియం.”

వారం తిరిగేసరికి నాలుగు గొడుగులయ్యాయి. మరదలు పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు వాటిని లెక్కపెట్టేది. తలగడ ఎత్తు పెంచమనేది. నెల రోజులుగా సగం వదిలేస్తున్న అన్నం తొట్టి వైపు చూస్తూ తినేది. అక్కయ్య ఆ మార్పును నాడి చూసినంత జాగ్రత్తగా గమనించింది.

“తమ్ముడితో చెప్తాను. సంతోషిస్తాడు.”

“వద్దు వదినా,” అంది మరదలు వెంటనే. “ఆయనకి తెలిస్తే బాగా కనబడాలని గాజు తోముతాడు. ఆయన తోమితే ఏమవుతుందో మనకి తెలుసు. కొన్నాళ్ళు మన దగ్గరే ఉండనివ్వండి.”

అక్కయ్య ఒప్పుకుంది. ఎవరు అడిగినా అడగకపోయినా జీవితమంతా తెలిసింది చెప్పేస్తూ వచ్చిన మనిషి, ఆ ఒక్క సంగతీ దాచింది. అందులో ఆమెకు కొంచెం సుఖం కూడా దొరికింది. ఒకసారైనా తమ్ముడికి తెలియనిది, అతడు పాడుచెయ్యలేనిది ఒకటి ఆ ఇంట్లో ఉంది.

నలభయ్యో రోజున మరదలికి స్కానింగు. ఆసుపత్రి వరండాలో చక్రాల కుర్చీ పక్కన అక్కయ్య అయిదు గంటలు కూర్చుంది. డాక్టరు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, “నెల రోజులనుకోండి,” అన్నాడు. ఆ పొద్దునే ఆమె తొట్టినీళ్ళు పరీక్షించింది. చుక్కలు వేస్తే నిమ్మపండు పసుపు వచ్చింది. అమోనియా సున్నా. ఆ మాట మరదలికి చెప్పాలని దాచుకుంది. ఇంకో మాట చెప్పకుండా ఉండడానికి అది పనికొస్తుందనుకుంది.

ఇంటికి వచ్చి తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. ఆ వాసన తమ్ముడి యూనిఫారానికి ముప్పై ఒక్క ఏళ్ళు ఉండేది.

అతడు పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, తడి చేతులతో గదిలో నిలబడి ఉన్నాడు. తొట్టిలో గోధుమరంగు పొర లేదు. ఇసుక తెల్లగా ఉంది. రాళ్ళు ఇంకా తెల్లగా, తోమిన పళ్ళలా ఉన్నాయి. కొత్తగా పోసిన నీటి వెనక గోడ మీద పగులు కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

“ఆదివారం మా ప్లాంటు వాళ్ళు నిన్ను చూడ్డానికి వస్తున్నారు,” అన్నాడు భార్యతో. “ఆ మురికి చూస్తే నా పరువేం కాను? రాయి రాయీ తీసి కుళాయి కింద పెట్టి, బ్రష్షుతో రుద్ది, బ్లీచింగులో నానబెట్టాను. ఆరు గంటలు పట్టింది. ఎలా ఉంది?”

తనిఖీకి వచ్చిన అధికారి ముందు నిలబడినట్టు నిలబడ్డాడు. అక్కయ్య నోరు తెరిచింది. మరదలి చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. ఆ చేతిలో అంత బలం మిగిలి ఉందని అక్కయ్యకు అంతవరకూ తెలియదు.

మరదలు ఎడమవైపు రాయిని వెతికింది. అది కుడివైపుకు మారి ఉంది. దానిలోని పగులు మాత్రం అలాగే ఉంది, ఖాళీగా.

“అద్దంలా ఉందండీ,” అంది. “మీ చేతులు చూడండి, ఎలా నాని పాసిపోయాయో. వెళ్ళి నూనె రాసుకోండి.”

అతని ముఖం విప్పారింది. లోపలికి వెళ్ళాడు. అతడు వెళ్ళాక ఆమె తొట్టికి వీపు పెట్టి, ఇవతలి గోడ వైపు తిరిగి పడుకుంది.

“అమ్మాయ్, వాడికి చెప్తాను. ఈసారి చెప్పి తీరతాను.”

“చెప్పకండి. ఆయన తట్టుకోలేడు.” కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది. “ముందే చెప్పి ఉంటే ముట్టుకునేవాడు కాదేమో. వద్దన్నది నేనే కదా.”

ఒప్పుకున్నది తానని అక్కయ్య అనలేదు. దుప్పటి మరదలి భుజం దాకా లాగి, గది బయటికి వచ్చింది.

తమ్ముడు బల్ల దగ్గర చేతులకు నూనె రాసుకుంటున్నాడు. “అటు తిరిగి పడుకుందేం?”

ముప్పై నాలుగేళ్ళు తప్పు రాసిన ప్రతి జవాబునూ ఎర్రసిరాతో కొట్టేసిన మనిషి, “అయిదు గంటలు కుర్చీలో కూర్చుంది కదరా, అలిసిపోయింది,” అంది.

“నీళ్ళు బాగున్నాయి కదా ఇప్పుడు. చేపలు తేవచ్చా? నువ్వు చెప్పినట్టే చేస్తాను అక్కయ్యా. ఈసారి పుస్తకం ప్రకారమే.” బల్ల మీది పుస్తకం మొదటిసారి తెరిచాడు. నూనె వేలిముద్ర మొదటి పేజీ మీద పడింది. “ఎప్పుడు వెయ్యచ్చు?”

“మళ్ళీ మొదటినుంచి లెక్క. ఆరు వారాలు.”

అతడు లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్ళాడు. ఆమె పెట్టిన పెన్సిలు చుక్క వైపు చూసి, దాని సంగతి అడగకుండా, ఆ రోజు తేదీ మీద వేలు పెట్టి, ఒక్కొక్క వారమే కిందికి దిగసాగాడు.

“ఇంతకీ డాక్టరు ఏమన్నాడు?”

అక్కయ్య చెప్పింది. ఆ ఒక్కటీ ఉన్నదున్నట్టు చెప్పింది.

వేలు నాలుగో వారం మీద ఆగింది. అతడు దాన్ని తీయలేదు. లోపలి గదిలో తొట్టి మోటారు కొత్త నీళ్ళను తిప్పుతోంది. ఆ హోరు వెనకనించి మరదలు పిలిచింది, మంచం కిటికీ వైపు తిప్పించమని.