మేడమ్ కొలిచిన గాలి

ఆ రోజు ఇంట్లో ముసలమ్మ ఉంది. నెల తిరగని పసివాణ్ణి ఒళ్లో వేసుకుని ఆమె కోడలు ఉంది. కొడుకు గోడకానుకుని బూట్లు తొడుక్కుంటున్నాడు. కాసేపట్లో అడవికి నిప్పు పెట్టే కూలీల్లో అతనూ ఒకడు. వీళ్ళు కాక, ఉన్న ఒక్క కుర్చీలో గాలి కొలిచే మేడమ్.

మేడమ్ అరచేతిలో పట్టేంత మెషిన్‌ని కిటికీలో పెట్టింది. పచ్చదీపం వెలిగింది. ఎందుకు వెలగదు? నిప్పు ఇంకా పెట్టలేదుగా. వేసవిలో కార్చిచ్చు లేవకుండా ఎండుటాకుల్ని ముందే తగలబెట్టాలి. అది మంచిపనే, కూలీలూ కాదనరు. గాలి ఎటు వీచినప్పుడు అంటించాలో చెప్పడానికే మేడమ్‌కి జీతం. కొండమీది హోటళ్లవైపు వీస్తే వద్దంటుంది. కూలీల ఇళ్లవైపు వీస్తే ఆమెకి ఏ అభ్యంతరమూ ఉండదు. ఇవాళ ఇటే వీస్తోంది.

"గాలి శుభ్రంగా ఉందమ్మా. భయం లేదు."

"పోయినసారీ ఇదే చెప్పావు తల్లీ," అంది ముసలమ్మ. "సాయంత్రానికి వీడి పెదాలు నీలంగా మారాయి. మళ్ళీ పొగ తగిలితే బతకడన్నాడు డాక్టరు."

"తడిగుడ్డ అడ్డం పెట్టండి."

"నెల పిల్లాడి ముక్కుకా?" అంది కోడలు.

మేడమ్ విననట్టే మెషిన్‌ని సంచిలో పెట్టుకుంది. అలా వినకపోవడం ఆమెకి బాగా అలవాటు. వాకీటాకీలో అడవి దగ్గరున్న మేస్త్రీకి, "ఓకే, అంటించండి," అని చెప్పి లేచింది.

గుమ్మం నిండా కూలీలు. ఒక్కరూ అడవివైపు కదల్లేదు.

"గాలి మళ్ళేదాకా ఆపమని చెప్పండి," అన్నాడు కొడుకు. "లేదా మీరూ ఇక్కడే ఉండండి. పొగొచ్చాక ఆ కుర్చీలోనే కూర్చుని ఇంకోసారి కొలుద్దురు."

"అందర్నీ పనిలోంచి తీయించేస్తాను."

"తీయించండి. మీరే అంటించుకోండి."

"చీర జాగ్రత్త మేడమ్," అంది వెనకనుంచి ఒకావిడ. అందరూ నవ్వారు.

మేడమ్ మొహం కందింది. "నేను ఉండలేను. నాకు ఆస్తమా ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. అన్నాక గానీ ఏమన్నదో ఆమెకే తెలియలేదు. కోడలు ఆమెవంక పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత బిడ్డని ఎత్తుకుని బయటికి నడిచి మేడమ్ జీపులో కూర్చుంది. డ్రైవరు ఎవరూ చెప్పకుండానే అద్దాలెత్తి ఏసీ వేశాడు. ఆడవాళ్ళంతా జీపు చుట్టూ కూర్చున్నారు.

"ఇదేం పద్ధతి? నన్ను పోనివ్వండి," అంది మేడమ్.

"పోదువుగాని," అంది ముసలమ్మ కొడుకు వెనకే గుమ్మం దాటుతూ. "ముందు ఆ మేస్త్రీకి ఏదో ఒకటి చెప్పు. ఏం చెప్పినా ఇక్కణ్ణుంచే."

వాకీటాకీ గరగరమంది. "మేడమ్, కూలీలు ఇంకా రాలేదు. నన్నే అంటించమంటారా, ఆపమంటారా?"

ముసలమ్మ బయటినుంచి తలుపు మూసేసింది.