రెండంగుళాల ఎరుపు

మా తాతయ్య టైలరు. ఆయన ఒకసారి కొలత తీసుకున్నాక మనిషి లావెక్కినా, సన్నబడినా తప్పు మనిషిదే కానీ చొక్కాది కాదు. ఒకాయన సూటు బిగుతైందని గొడవకొస్తే, "కొలతలిచ్చిన రోజు నువ్వు అన్నం తినకుండా వచ్చి నన్ను మోసం చేశావు" అని ఆయన చేతే సారీ చెప్పించుకున్నాడు.

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో తాతయ్యకు తోడు కాజాల బాబాయ్. ముప్పై ఏళ్ళుగా చొక్కాలకు కాజాలు కుట్టడమే ఆయన పని. మాట్లాడటం తక్కువ. ఈమధ్య మాటలకు బదులు దగ్గుతున్నాడు. ఆ దగ్గు టీబీ అని పోయిన వారం తేలింది. ఆయన మందులు మొదలుపెట్టి ఇంట్లో విశ్రాంతిగా ఉన్నాడు. ఆయన పక్కన రోజంతా కూర్చునేది తాతయ్యే కాబట్టి ముందు తాతయ్యకు చర్మ పరీక్ష చేయాలన్నారు క్లినిక్ వాళ్ళు. మా వంతు తర్వాతి వారం.

సరిగ్గా అప్పుడే మా అక్క ఆరు రోజుల పాపతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. వీధిలో సగం మంది వచ్చి పాపను ఎత్తుకున్నారు. తాతయ్య మాత్రం పాప ఉన్న గది గుమ్మం దాటలేదు.

"రిజల్టు వచ్చాకే ఎత్తుకుంటానమ్మా. రెండ్రోజులేగా" అన్నాడు అక్కతో, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. వదిలేస్తే అవి పాప దగ్గరికి వాటంతటవే వెళ్ళిపోతాయేమో అన్నట్టు.

క్లినిక్కులో నర్సమ్మ ఆయన ముంజేతి లోపలివైపు, చర్మం పైపొరలో, ఒక చుక్క మందు ఎక్కించింది. దోమ కుట్టినంత బుడిపె లేచింది. "రుద్దొద్దు, గోకొద్దు. ఎల్లుండి వచ్చి చూపించండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం తాతయ్య మేడమీద కుర్చీలో నిద్రపోయాడు. చెయ్యి చాపి, ఆ బుడిపె పైకి కనిపించేలా. నేను చాలా నిగ్రహం గల మనిషిని. దాదాపు నిమిషమున్నర ఆగాను. తర్వాత అక్క లిప్‌స్టిక్ తెచ్చి ఆ బుడిపె చుట్టూ గుండ్రంగా, అంచులు వేలితో అద్ది, ఎంతో కళాత్మకంగా ఎరుపు పూశాను. ఆయన లేచి కెవ్వుమంటాడు, నేను నవ్వుతాను, ఆయన స్కేలు పట్టుకుని వెంటపడతాడు. ప్లాను అది.

తాతయ్య లేచాడు. కెవ్వుమనలేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మెళ్ళో టేపు తీసి ఎరుపు మీద పెట్టి కొలిచాడు. బట్ట చూసినట్టు బొటనవేలితో మధ్యలో నొక్కాడు, మళ్ళీ నొక్కాడు.

"రెండంగుళాలు" అన్నాడు. దిండూ దుప్పటీ చంకలో పెట్టుకుని కిందికి దిగిపోయాడు.

"తాతయ్యా, ఆగు, అదీ..."

"దగ్గరికి రాకు. అక్కని కూడా రావద్దను."

ఆ రాత్రి కుట్టుమిషనుకీ, ఎవరిదో సగం కుట్టిన కోటుకీ మధ్య పడుకున్నాడు. పొద్దున్నే మెట్ల కింది నుంచి అరిచాడు: "పాప ఛాతీ కొలత చెప్పవే! ఫ్రాకు కుడతా!"

ఎత్తుకోలేనని తేల్చుకున్నవాడు ఫ్రాకు కుడతానంటున్నాడు. పాపకు టేపు చుట్టాను కానీ కళ్ళు నీళ్ళతో మసగ్గా ఉండటంతో అంకె సరిగ్గా కనపడలేదు. తోచింది చెప్పాను. ఆయన ఇంకొకరు తీసిన కొలతను అనుమానించలేదు, జీవితంలో మొదటిసారి.

ఆ సాయంత్రం క్లినిక్కుకి నేనే తీసుకెళ్ళాను. దారంతా చెబుదామనుకున్నాను. నోరు తెరిచినప్పుడల్లా "చూసి నడువు" అన్నాడు.

నర్సమ్మ చెయ్యి చూసి కనుబొమ్మలెత్తింది. దూది తడిపి తుడిచింది. దూదంతా గులాబీ రంగు. ముందు దూదిని చూసింది, తర్వాత నన్ను.

"తాతయ్యా, నేనే... లిప్‌స్టిక్" అన్నాను. అప్పటికే ఏడుపొచ్చేసింది. "నిన్ను పాప దగ్గరికి వెళ్ళకుండా చేసింది నేనే."

"తెలుసు."

"ఏంటి?"

"యాభై ఏళ్ళుగా బట్టలు చూస్తున్నా. ఏ రంగు దిగుతుందో నాకు తెలీదా? టేపుకి అంటింది కూడానూ. ఆ ఎరుపు నీదే." బుడిపె మీద వేలు పెట్టి చూపించాడు. "దాని కింద గట్టిగా తగిలిందిగా, అది నువ్వు పూసింది కాదు. అందుకే కిందికి దిగా."

"మేం చూసేది కూడా అదే పెద్దాయనా. ఎరుపు అసలు లెక్కలోకి రాదు" అంది నర్సమ్మ. వేలితో గట్టిదనం అంచులు వెతికి, పెన్నుతో గీతలు పెట్టి, చిన్న స్కేలు ఆనించింది. "పద్నాలుగు మిల్లీమీటర్లు. పాజిటివ్."

తాతయ్య చేతులు మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాయి.

"అంటే పాపని..."

"ఆగండి. ఆ క్రిమి ఎప్పుడో లోపలికొచ్చింది, మీ ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంది, అందుకే ఇక్కడ పొంగింది. జబ్బు ఉందో లేదో ఇది చెప్పదు. ఎక్స్‌రే తీయించుకుని డాక్టర్ని కలవండి."

ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద నేను కూర్చున్న అరగంట కొన్ని దేశాల చరిత్రకంటే పొడుగ్గా గడిచింది. డాక్టరు ఫిల్మును వెలుతురుకి పట్టి చూశాడు. దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గారా అని అడిగాడు. ఏవీ లేవు.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మీ నుంచి ఎవరికీ అంటదు. ముందు జాగ్రత్తకి కొన్ని నెలలు మాత్రలు వాడాలి."

"పాపని ఎత్తుకోవచ్చా?" మాత్రల సంగతి తాతయ్య విన్నట్టే లేదు.

"హాయిగా."

ఇంటికి ఆయన నడవలేదు. నేను పరిగెత్తాను, ఆయన నాకంటే ముందు చేరాడు. చేతులు మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని అక్క ముందు నిలబడి చాపాడు. అక్క పాపను వాటిలో పెట్టింది.

ఫ్రాకు తొడిగితే ఇంకో ఇద్దరు పాపలు పట్టేంత ఖాళీ ఉంది. అందరం తాతయ్య మొహంలోకి చూశాం, పాపదే తప్పంటాడని.

"ఫ్రాకుదే తప్పు" అన్నాడు.

గంటయింది. పాపను దించలేదు.

"ఇటివ్వు తాతయ్యా, నా వంతు."

"నీ టెస్టు వచ్చే వారం కదూ? రిజల్టు వచ్చాక చూద్దాం." పాప తల సర్దుకుంటూ నా వైపు చూడకుండానే అన్నాడు: "అప్పటిదాకా మధ్యాహ్నాలు నిద్రపోకు."